టైపిస్టు పాప ఖాళీ చేసిన కుర్చీ

ఇంజనీరింగ్ చదివే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "ఆంటీ, మీ కాలంలో కంప్యూటర్లు ఎట్ల ఉండేవి?" అని అడుగుతా ఉంటారు. బీరువా అంత ఉండేది నాయనా, చెప్పులు బయట విడిచి లోపలికి పోయేవాళ్ళం అంటే పకపకా నవ్వుతారు. నవ్వండి, నాకేం పోయింది. కానీ ఆ బీరువాను నమ్ముకుని బతుకు కట్టుకోవాలని చూసిన మనుషులు ఉన్నారు. వాళ్ళల్లో ఒకాయన సంగతి చెప్తాను. రోంత ఓపిగ్గా వినండి. మధ్యలో ఫోన్ తీసి చూసినారో, నేను ఆపేస్తా.

ఎనభైల నడుమ మాట ఇది. తిరుపతిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ, పేరు ఎందుకులెండి. ఆడ కంప్యూటర్ సెంటర్‌లో నేను ప్రోగ్రామర్ని. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నట్టు ఉండేది మా సెంటర్ వ్యవహారం. మిషన్‌కు రెండు ఏసీలు. మాకు వరండాలో ఒక ఫ్యాను, అదీ కరెంటు ఉంటే తిరిగేది. వానొస్తే ముందు మిషన్ మీద టార్పాలిన్ కప్పి, ఆ తర్వాత మా తలల సంగతి చూసుకునేవాళ్ళం. కాలేజీ మొత్తానికీ అదొక్కటే మిషన్ కాబట్టి, దానిమీద టైము దొరకడం అంటే బ్రహ్మోత్సవాలప్పుడు కొండమీద రూము దొరికినంత పని.

మా హెడ్డు లెక్కల నుంచి వచ్చినాయన. చిత్తూరులో చాలా ఏండ్లు పాఠాలు చెప్పి, నెత్తిన బట్టతల వచ్చినాక కంప్యూటర్లు నేర్చుకున్నాడు. ఆయనకు మిషన్ అంటే గౌరవం ఉండేది గానీ నమ్మకం ఉండేది కాదు. "మిషన్ అబద్ధం సెప్పదమ్మా. కానీ నువ్వు సెప్పిన అబద్ధాన్ని బో అందంగా అచ్చేసి ఇస్తాది" అనేవాడు. అందుకని ఒక నియమం పెట్టినాడు. ఎవరు ఏ ప్రోగ్రామ్ రాసినా, ముందు దాన్ని మనుషులతో నడిపి చూపించాల. మనుషులకు వచ్చిన జవాబూ మిషన్‌కు వచ్చిన జవాబూ ఒకటైతేనే మిషన్ టైము. తేడా వస్తే తప్పు ప్రోగ్రామ్‌దే, ఇంక మాట్లాడేది లేదు.

మీకు ఎగతాళిగా ఉంటుంది. మాకూ ఉండేది. ఒకసారి పూతలపట్టు క్రాసులో బస్సులు ఎట్ల నిలిస్తే జనానికి సులువు అని ఎవరో విద్యార్థి ప్రోగ్రామ్ రాసినాడు. దాన్ని మనుషులతో నడపాల గదా! మా అటెండరు చిత్తూరు బస్సు, వాచ్‌మన్ తిరుపతి బస్సు. వాచ్‌మన్ వరండా మలుపులో నిలబడి కదల్లేదు. ఏందప్పా అంటే, "డ్రైవరు టీకి పోయినాడు సార్" అన్నాడు. హెడ్డు కూడా కడుపు పట్టుకుని నవ్వినాడు. అట్లాంటి ఆఫీసు మాది.

ఆ రోజుల్లో మా దగ్గర పరిశోధన చేసే ఒకాయన ఉండేవాడు. ఊరు సత్యవేడు. మేమంతా ఆయన్ని ఊరి పేరుతోనే "సత్యవేడన్నా" అని పిలిచేవాళ్ళం. అరవదేశం సరిహద్దు గదా, మాట్లాడితే సగం మాటలకు అవునన్నట్టు "ఆమా, ఆమా" అని తలూపేవాడు. వాళ్ళ నాయన వేరుశనగ, చెరుకు పెట్టే రైతు. సత్యవేడన్నకు పెండ్లయి ఒక ఆడబిడ్డ. భార్యాబిడ్డా సత్యవేడులో, ఈయన తిరుపతిలో హాస్టల్ రూములో. నెలకొకసారి పోయి చూసి వచ్చేవాడు. బిడ్డ తనను చూసి "మామా" అంటా ఉండాదని ఒకసారి చెప్పి, నవ్వబోయి నవ్వలేకపోయినాడు.

ఆయన పని ఏందంటే, క్యాష్ మెమరీ. మీకు తెలిసిందే గానీ తెలియనివాళ్ళ కోసం చెప్తా. కంప్యూటర్‌లో పెద్ద మెమరీ ఒకటి ఉంటుంది, అది నిదానం. ప్రాసెసర్ పక్కనే చిన్న మెమరీ ఒకటి పెడతారు, అది శానా వేగం. తరచుగా కావాల్సిన సమాచారాన్ని ముక్కలు ముక్కలుగా ఆ చిన్నదాంట్లో ఉంచుకుంటే పని తొందరగా అవుతుంది. చిక్కు యాడ వస్తుందంటే, అది చిన్నది గదా, నిండిపోతుంది. కొత్త ముక్క రావాలంటే పాతది ఒకటి పోవాల. ఏది పోవాల? అందరికంటే ముందొచ్చినదాన్ని పంపించెయ్యడం ఒక పద్ధతి. అందరికంటే ఎక్కువ కాలంగా ఎవరూ పిలవనిదాన్ని పంపించడం ఇంకో పద్ధతి. రెండూ ఒకటి కాదు. ముందొచ్చినదాన్ని ఇప్పుడే మళ్ళీ పిలిచి ఉండొచ్చు. అట్లాంటిదాన్ని పంపిస్తే మరుక్షణమే మళ్ళీ కావాల్సి వస్తుంది.

అన్న మూడో పద్ధతి ఒకటి కనిపెట్టినాడు. రెండో పద్ధతిలో ఎవరిని ఎప్పుడు పిలిచినామో అందరికీ టైము రాసిపెట్టుకోవాల, అది ఖర్చు. ఈయన పద్ధతిలో మళ్ళీ పిలిపించుకున్నవాటికి ఒక చిన్న గుర్తు, అంతే. పంపించాల్సి వస్తే గుర్తు లేనివాటిల్లో ఒకదాన్ని పంపిస్తాడు. ఇది రెండో పద్ధతికంటే మేలని నిరూపించాల. మా మిషన్‌లో అసలు క్యాషే లేదు! కాబట్టి, క్యాష్ ఉన్నట్టు నటించే ప్రోగ్రామ్ రాసినాడు. దాన్నే సిమ్యులేటర్ అంటారు. లేనిదాన్ని ఉన్నట్టు లెక్క కట్టి, ఉంటే ఎట్ల నడిచేదో చెప్తుంది. ఫోర్ట్రాన్‌లో రాసినాడు, ముత్యాల్లాంటి ప్రోగ్రామ్. దాన్ని చదివితే నాకు కడుపు నిండినట్టు ఉండేది.

సరే, హెడ్డు నియమం ప్రకారం ముందు మనుషులతో నడపాల. వరండాలో మూడు కుర్చీలు వేసినారు, అదే క్యాష్. మనుషులే సమాచారం ముక్కలు. అన్న చేతిలో కాగితం పట్టుకుని వరసగా మనుషుల్ని పిలుస్తాడు. పిలిచినవాళ్ళు కుర్చీలోనే ఉంటే "ఉండా" అనాల. లేకుంటే వచ్చి కూర్చోవాల. ముందు సరిచూసేది రెండో పద్ధతిని కాబట్టి, కుర్చీలు నిండిపోయి ఉంటే, ఎక్కువ కాలంగా పిలుపు రానివాళ్ళు లేచి చోటియ్యాల. పక్కన బోర్డు మీద ఎన్ని "ఉండా"లు వచ్చినాయో గీతలు గీస్తారు. ఆ పొద్దు నేను మిషన్ రూములో ఉన్నాను, దాన్ని ఒంటరిగా వదిలేదానికి లేదు. అద్దాల కిటికీలోంచి జనం లేవడం కూర్చోవడం కనిపించింది, నవ్వులు వినిపించినాయి.

ఆడినవాళ్ళు ఎవరంటే, మా టైపిస్టు పాప, సూపరింటెండెంట్ గారు, అటెండరు, వాచ్‌మన్. టైపిస్టు పాప తిరుచానూరు పిల్ల. వాళ్ళింట్లో అందరూ పూలు కట్టి అమ్మేవాళ్ళు. పొద్దున్నే ఇన్ని మూరలు కట్టి పడేసి, తలలో రెండు మల్లెలతో ఆఫీసుకొచ్చేది. నోట్లో మాట బయటికి వచ్చేది కాదు. సూపరింటెండెంట్ గారు రిటైర్మెంట్‌కు దగ్గరున్న మనిషి, మోకాళ్ళ నొప్పులు. కుర్చీలోంచి లేయాలంటే రెండు చేతులూ ఆనించి, "గోవిందా" అని లేచేవాడు. మేమంతా ఆయన్ని పెద్దాయనా అనే పిలిచేది.

మనుషులతో ఆట అయిపోయింది. తర్వాత అదే వరసను మిషన్‌కు ఇచ్చినాము. తేడా వచ్చింది! మిషన్ ఒక "ఉండా" ఎక్కువ చెప్తా ఉండాది.

"ఏందప్పా ఇది?" అన్నాడు హెడ్డు. "ఇంత చిన్న వరసకే తప్పు పోతే, రేపు లక్ష పిలుపుల వరస ఇస్తే ఏం సెప్తాది నీ ప్రోగ్రామ్? దిద్దుకో పో."

అన్న దిద్దుకునేదానికి కూర్చున్నాడు. ఎక్కడని దిద్దుతాడు? ప్రోగ్రామ్ అచ్చేసిన పొడుగాటి మడతల కాగితం నేల మీద పరుచుకుని, బోర్లా పడుకుని చదివేవాడు. నేను కూడా జతగా కూర్చుని చూసినాను. నాకేమీ దొరకలేదు. అన్నం తినేటప్పుడు కూడా అదే ధ్యాస. సాంబారులో వేలితో మూడు గీతలు గీసి, "ఇది లేస్తే... ఇది కూచుంటే..." అని గొణుక్కునేవాడు. నాకు జాలీ వచ్చేది, చిరాకూ వచ్చేది.

చివరికి ఒక పొద్దు పరిగెత్తుకుంటా వచ్చినాడు. "దొరికిందిమ్మా! టైము రెండు తావుల రాస్తా ఉండాను. కూచునేటప్పుడు ఒకసారి, మళ్ళా పిలిచినప్పుడు ఇంగోసారి. రెండోది అనవసరం అనుకుంటా, తీసేసినాను. ఇప్పుడు సరిపోయింది సూడు!"

నిజంగానే సరిపోయింది. మనుషుల లెక్కా మిషన్ లెక్కా అచ్చం ఒకటే. హెడ్డు వీపు తట్టినాడు. అటెండరు అందరికీ టీ తెచ్చినాడు. ఆ రెండో తావు అనవసరమా అవసరమా అని ఎవరూ అడగలేదు. పిల్లల్లారా, మీకొక మాట చెప్తా. జవాబు సరిపోకపోతే మనిషి పదిసార్లు వెతుకుతాడు. సరిపోయిందా, ఇంక వెతకడు. తప్పు దాక్కునేదానికి అంతకంటే మంచి తావు లేదు.

ఆ తర్వాత అన్నకు అన్నీ కలిసొచ్చినాయి. పెద్ద పెద్ద వరసలు ఇచ్చి నడిపితే, ఆయన పద్ధతి మిగతా పద్ధతుల్ని చిత్తుగా ఓడించింది. గ్రాఫు కాగితం మీద గీతలు గీస్తే ఆయన గీత పైన, మిగతావి కింద. హెడ్డు ఆ గ్రాఫులు ఎవరొచ్చినా చూపించేవాడు, మనవడి ఫొటో చూపించినట్టు. అదే టైముకు మా కాలేజీలోనే లెక్చరర్ పోస్టు పడింది. ఇంటర్వ్యూ తేదీలోపల థీసిస్ ఇచ్చినవాళ్ళకే అర్హత. థీసిస్ ఇయ్యాలంటే ముందు బయటి ప్రొఫెసర్ ఒకాయన మద్రాసు నుంచి వచ్చి, సెమినార్‌లో విని, సరే అనాల. అన్నీ టైముకు సరిపోయినట్టే ఉండాయి. అన్న ఫెలోషిప్ కూడా ముగిసే దశకు వచ్చింది, ఈ పోస్టు తప్పితే ఇంకో దారి లేదు.

అన్న తిరుచానూరు రోడ్డులో ఒక ఇల్లు కూడా చూసి పెట్టుకున్నాడు. "బావి ఉండాదిమ్మా, వెనక రోంత ఖాళీ తావు ఉండాది. మా ఆవిడ చెట్లు పెట్టుకుంటాది" అని నాకు చెప్పినాడు. నేను ఊరుకుంటానా! "ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ కథ" అన్నాను. "ఆమా, కానీ సామాన్లు మూట కట్టుకోమని సెప్పేసినాను గదా, ఇంగేం సేసేది" అన్నాడు సిగ్గుపడతా. ఆ మనిషికి ఆ ఇల్లు దొరకాలని నేను కూడా తిరుచానూరమ్మకు మొక్కుకున్నాను.

సెమినార్ రోజు వచ్చింది. మద్రాసు ప్రొఫెసర్ సన్నగా పొడుగ్గా, తెల్ల పంచె కట్టుకుని వచ్చినాడు. తెలుగు బాగానే మాట్లాడినాడు. అన్న గ్రాఫులు పెట్టి చెప్తా ఉంటే ఆయన తల ఊపుతా విన్నాడు. అంతా బాగానే పోయేది. కానీ మా హెడ్డుకు ఆ మనుషుల ఆట మీద ఉన్న మురిపెం అంతా ఇంతా కాదు. "మేము ప్రోగ్రామ్ ఎట్ల సరి సూసుకుంటామో మీకు కళ్ళారా సూపిస్తాను రండి సార్" అని వచ్చినాయన్ని వరండాలోకి తీసుకుపోయినాడు. అదే మూడు కుర్చీలు, అదే మనుషులు, అదే వరస. ఈసారి బోర్డు మీద గీతలు గీసే పని నాది.

అన్న పిలవడం మొదలుపెట్టినాడు. టైపిస్టు పాప వచ్చి కూర్చుంది. పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. అటెండరు మూడో కుర్చీలో కూర్చున్నాడు. అన్న మళ్ళీ టైపిస్టు పాపను పిలిచినాడు. "ఉండా" అనింది, దోమ పలికినట్టు. నేను బోర్డు మీద గీత గీసినాను. తర్వాత వాచ్‌మన్‌ను పిలిచినాడు. నా వెనకాల కుర్చీలు కదిలిన శబ్దం వినపడింది. తర్వాతి పిలుపు కోసం సుద్దముక్క పట్టుకుని చూస్తా ఉండాను. పిలుపు రాలేదు.

వెనక్కి తిరిగినాను. టైపిస్టు పాప గోడకు ఆనుకుని నిలబడి ఉండాది. ఆమె కుర్చీలో వాచ్‌మన్ కూర్చుని ఉండాడు. పెద్దాయన రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి, సగం లేచి, మళ్ళీ కూర్చుంటా ఉండాడు. అన్న ముఖం సున్నం కొట్టిన గోడలాగ అయిపోయింది.

ఏమైందో ఆయనే తర్వాత నాకు చెప్పినాడు. మొదటిసారి ఆడినప్పుడు ఆయన కండ్లు కాగితం మీద ఉన్నాయి. ఈలోపల ఆ వరస ఎన్నిసార్లు చదివినాడో, కంఠతా వచ్చేసింది. అందుకని ఈసారి కండ్లు మనుషుల మీద ఉన్నాయి. ఇప్పుడే గదా టైపిస్టు పాపను మళ్ళీ పిలిచినాము, ఆమె లేయకూడదు. లేయాల్సింది పెద్దాయన. ఆయన లేయబోతున్నాడు కూడా. మోకాళ్ళ నొప్పితో ఆ పెద్దమనిషి లేయలేక లేస్తుంటే చూస్తా కూర్చోలేక, ఈ పిల్ల చటుక్కున లేచి చోటిచ్చేసింది. మొదటిసారి కూడా అదే జరిగి ఉంటుంది. తర్వాతి పిలుపు మళ్ళీ ఆ పాపదే, కుర్చీలో లేదు కాబట్టి మనుషుల లెక్కలో ఒక "ఉండా" తగ్గింది. మిషన్ మొదట్నుంచీ సరిగ్గానే చెప్పింది. మన మర్యాద లెక్కలోకి వచ్చి, సరైన ప్రోగ్రామ్‌ను తప్పుగా దిద్దించింది. ఆ దిద్దుడుతో రెండో పద్ధతి కాస్తా మొదటి పద్ధతి అయిపోయింది. అన్న పద్ధతి ఓడించింది దాన్నే. అసలైనదాన్ని కాదు. ఆ గ్రాఫులన్నీ, ఆ థీసిస్ అంతా, దానిమీదే కట్టినాడు.

హెడ్డు కండ్లతో సైగ చేసినాడు, కానీయ్ అని. మద్రాసాయనకు ఏమీ తెలియలేదు, చిరునవ్వుతో చూస్తా ఉండాడు. తర్వాతి పిలుపు పిలిచేస్తే చాలు. ఎవరికీ తెలిసేది కాదు. లెక్క సరిపోయేది, సెమినార్ అయిపోయేది, పోస్టు వచ్చేది, తిరుచానూరు రోడ్డు ఇంట్లో మూటలు దిగేవి.

"సార్, ఆపాల" అన్నాడు అన్న.

"ఏమైంది?"

"ఈడ తప్పు జరిగినాది సార్."

"ఉంటే తర్వాత సూసుకుందాంలేప్పా, కానీయ్" అన్నాడు హెడ్డు.

"తర్వాత సూసుకునేది కాదు సార్. దీనిమీదే అంతా నిలబడి ఉండాది."

అని, కాగితం పక్కన పెట్టి, నిలబడినవాడు నిలబడినట్టే మద్రాసాయనకు అంతా విడమరిచి చెప్పినాడు. ఒక్క మాట దాచలేదు. మద్రాసాయన టైపిస్టు పాప వైపు తిరిగి, "నువ్వెందుకు లేచినావమ్మా?" అని అడిగినాడు.

"పెద్దాయన గదా సార్" అనింది ఆ పిల్ల.

ఆయన గట్టిగా నవ్వేసినాడు. అప్పుడు అన్న ముఖం చూసి, నవ్వు ఆపేసినాడు. "ఈ థీసిస్‌కు నేను సరే అనలేనప్పా. దిద్ది, అన్నీ మళ్ళా నడిపి తీసుకురా. నేనే వస్తా" అన్నాడు. తప్పు మాట కాదు. ఎవరున్నా అదే అనాల.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. జనమంతా పోయినాక టీ అంగడి దగ్గర అన్నను పట్టుకుని కడిగేసినాను. "ఎవురడిగినారు నిన్ను? గమ్ముగా ఉండుంటే ఏం పోయేది? పోస్టు వచ్చినాక తీరిగ్గా దిద్దుకునేవాడివి గదా! ఇంటికాడ ఆ ఆడమనిషి మూటలు కట్టుకుని కూర్చుని ఉండాది, ఆమెకేం సెప్తావు?" మాట అనేసినాక నాకే ఏడుపొచ్చింది.

అన్న టీ గ్లాసును చేతుల్లో తిప్పుతా ఉండాడు. "సూసినాక సూడనట్టు ఉండేది నాకు రాదుమ్మా. ఆ విద్య వచ్చుంటే ఈపాటికి యాడో పెద్ద ఉద్యోగంలో ఉందును" అన్నాడు. నవ్వినాడు కూడా. ఆయనమీద కోపం ఆ పొద్దే పోయింది. కాలేజీ మీది కోపం ఇప్పటికీ పోలేదు.

ఆ వారంలో ఒక పొద్దు హెడ్డు అన్నను లోపలికి పిలిచి, "నా నియమమే నిన్ను ముంచినాది గదప్పా. తేడా వస్తే తప్పు ప్రోగ్రామ్‌దే అన్నాను. మనుషులు తప్పు పోరా? ఈ వయసు వచ్చినాక తెలిసినాది నాకు" అన్నాడంట. ఇంటర్వ్యూ వెనక్కి జరపమని పైవాళ్ళ చుట్టూ తిరిగినాడు. ఎండలో గొడుగు పట్టుకుని ఆ బిల్డింగ్‌కూ ఈ బిల్డింగ్‌కూ తిరగడం నేను కళ్ళారా చూసినాను. వాళ్ళు వినలేదు. నియమం నియమమే అన్నారు. ఈయన మాటే ఈయనకు ఎదురొచ్చింది.

అన్న ఏమైనాడో ఇప్పుడే చెప్పేస్తా. ఆఖరిదాకా దాచిపెట్టి మిమ్మల్ని ఊరించే ఓపిక నాకు లేదు. ప్రోగ్రామ్ దిద్ది మళ్ళీ నడిపితే, ఆయన పద్ధతి అసలైన రెండో పద్ధతి చేతిలో రవ్వంత ఓడిపోయింది. రవ్వంతే. కానీ ఆ రెండో పద్ధతికి అయ్యే ఖర్చు దీనికి లేదు. మద్రాసాయనే అన్నాడు, "ఇంత అగ్గవ ఖర్చుతో ఇంత తక్కువలో ఓడిపోవడం కూడా గెలుపే, అదే రాయి" అని. అదే రాసినాడు. డిగ్రీ వచ్చింది. మా కాలేజీ పోస్టు మాత్రం వేరే ఆయనకు పోయింది. ఆయన కూడా మంచి పంతులే, ఆయన్ని అనేదానికి లేదు. అన్న కొన్నాళ్ళు సత్యవేడులో పిల్లలకు లెక్కలు చెప్పుకుని, ఆ తర్వాత చిత్తూరు వైపు పాలిటెక్నిక్‌లో చేరినాడు. భార్యాబిడ్డలు జతకు వచ్చినారు. బిడ్డ "నాయనా" అని పిలిచే వయసు మటుకు ఆయన చూడకుండానే దాటిపోయింది. అప్పటికి ఆ పిల్ల బడికి పోతా, "నాన్నా" అనడం నేర్చుకొని వచ్చింది.

కానీ నాకు గుర్తుండేది ఆ డిగ్రీ కాదు. దిద్దిన ప్రోగ్రామ్‌ను మళ్ళీ మనుషులతో సరిచూసిన పొద్దు.

హెడ్డు వద్దన్నాడు. ఆ కుర్చీల మొహం నాకు చూపించొద్దు అన్నాడు. అన్నే పట్టుబట్టినాడు. "సార్, దీంతోనే తప్పు పోయింది, దీంతోనే సరిపోవాల. లేకుంటే నాకు మనసు నిలబడదు" అన్నాడు. టైపిస్టు పాప రానని ఏడ్చింది. తన వల్లే ఆయన పోస్టు పోయిందని ఆ పిల్లకు ఎవరో చెప్పేసినారు. అప్పట్నుంచీ అన్న ఎదురైతే పక్క దారిలో పోయేది. అన్నే ఆమె టేబుల్ దగ్గరికి పోయి, "నువ్వు రాకుంటే ఎట్ల పాపా? ఆ మనుషులే, ఆ వరసే ఉండాల" అని బతిమాలి తీసుకొచ్చినాడు.

అదే పొద్దు ఎదురు బిల్డింగ్‌లో ఇంటర్వ్యూలు జరుగుతా ఉండాయి. వేరే పొద్దు పెట్టుకోవచ్చు గదన్నా అన్నాను. "మిషన్ టైము ఈ పొద్దే ఇచ్చినారుమ్మా" అన్నాడు. అంతే.

పాప కూర్చుంది. పెద్దాయన కూర్చున్నాడు. అటెండరు కూర్చున్నాడు. పాపను మళ్ళీ పిలిచినాడు. "ఉండా" అనింది తల దించుకుని. వాచ్‌మన్‌ను పిలిచినాడు. వాచ్‌మన్ వచ్చి కుర్చీల ముందు నిలబడినాడు.

పెద్దాయన చేతులు ఆనించి లేయబోయినాడు. మోకాలు పట్టేసింది, లేయలేకపోయినాడు. ఆ పిల్ల కుర్చీ అంచును రెండు చేతులా పట్టుకుని ఉండాది, వేళ్ళు తెల్లబడినాయి. అయినా అలవాటు యాడికి పోతుంది, సగం లేచేసింది.

"కూర్చో తల్లీ" అన్నాడు పెద్దాయన. "నువ్వు లేస్తే ఆ సత్యవేడు బిడ్డ మళ్ళా మొదట్నుంచి రాసుకోవాల."

ఆ పిల్ల కూర్చుండిపోయింది. ఆయన నిదానంగా, పండ్లు బిగబట్టి లేచి, గోడకు ఆనుకున్నాడు. వాచ్‌మన్ ఆ కుర్చీలో కూర్చున్నాడు గానీ, కూర్చున్నట్టే లేడు, అంచున ఆనుకున్నాడంతే. పాప కండ్లలోంచి నీళ్ళు ఒళ్ళో పడతా ఉంటే తుడుచుకోకుండా అట్లనే కూర్చుని ఉండాది. పెద్దమనిషిని నిలబెట్టి తను కూర్చోవడం ఆ పిల్ల జన్మలో అదే మొదలు.

ఎదురు బిల్డింగ్ వాకిట్లోకి అటెండరు ఒకడు వచ్చి, ఇంటర్వ్యూకు ఎవరిదో పేరు గట్టిగా పిలిచినాడు. మేమంతా ఆ వైపు చూసినాము. అన్న చూడలేదు. తన వరసలో తర్వాతి పిలుపు పిలిచినాడు.

"టైపిస్టు పాపా."

"ఉండా సార్" అనింది ఆ పిల్ల, వరండా అంతా వినపడేటట్టు.